పోర్టబుల్ వీ ఆట మధ్యలో ఆగిపోతోందా? ముందు బోర్డు మీద వోల్టేజీ చూడండి

టీవీకి కలిపి ఆడే గేమ్ మెషీన్ నింటెండో వీ బోర్డును చిన్నగా కోసి, 18650 సెల్స్ (రీఛార్జ్ చేసే లిథియం బ్యాటరీలు) పెట్టి, చేతిలో పట్టే మెషీన్‌గా మార్చేవాళ్లు నన్ను తరచూ అడిగేది ఒక్కటే: "బోర్డు పోయినట్టుంది, ఇంకో వీ కొనాలా?" వోల్టేజీ ఎంత వస్తోందని అడిగితే కన్వర్టర్ (బ్యాటరీ వోల్టేజీని బోర్డుకు కావలసినంతకు మార్చే చిన్న సర్క్యూట్) దగ్గర కొలిచిన అంకె చెబుతారు. బోర్డు దగ్గర ఎంతుందో చూసినవాళ్లు తక్కువ. దయచేసి అది చూడకుండా ఇంకో వీ కొనకండి.

స్విచ్ వేస్తే అసలు చలనం లేదు

కోసిన అంచును చూడండి. బోర్డు లోపల రాగి పొరలుంటాయి. కోసేటప్పుడు లేచిన రాగి పొడి ఆ పొరలను కలిపేసి షార్ట్ చేస్తుంది. సన్నటి గరుకు కాగితంతో అంచు నున్నగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పాత టూత్‌బ్రష్ పెట్టి కడగండి.

షార్ట్ ఉందేమోనని చూస్తే, 1 వోల్టు లైను మీద మల్టీమీటరు బీప్ కొట్టిందని కంగారు పడొద్దు. ఆ లైను మీదున్న చిప్పుల నిరోధమే తక్కువ, బాగున్న బోర్డు మీద కూడా బీప్ రావచ్చు. కోయకముందే ఓమ్స్‌లో కొలిచి రాసి పెట్టుకుంటే తర్వాత పోల్చుకోవచ్చు.

మెనూ బాగుంది, ఆట మొదలయ్యాక బిగుసుకుపోతోంది

నన్ను మూడు వారాలు ఏడిపించింది ఇదే. వేడి అనుకున్నాను. థర్మల్ పేస్ట్ మార్చాను, పెద్ద ఫ్యాన్ పెట్టాను, చివరికి రెండో బోర్డు కూడా కోశాను. అదీ అలాగే ఆగింది. కన్వర్టర్ దగ్గర మాత్రం ఎప్పుడు కొలిచినా కచ్చితంగా 1.00 వోల్టు. ఒక రాత్రి ఆట నడుస్తుండగా గ్రాఫిక్స్ చిప్పు పక్కనున్న కెపాసిటర్ రెండు కొసల మీద ప్రోబ్‌లు ఆనించాను. 0.92 చూపించింది.

మిగతాది తీగ తినేసింది. కోసిన బోర్డుకు 1, 1.15, 1.8, 3.3 వోల్టుల లైన్లు నాలుగూ మనమే ఇవ్వాలి. నేను వాడింది 24 గేజ్ తీగ. దాని నిరోధం మీటరుకు సుమారు 0.084 ఓమ్. పోనూ రానూ 30 సెంటీమీటర్లంటే 0.025 ఓమ్. 3 ఆంపియర్లు లాగితే 0.075 వోల్టు దారిలోనే పోతుంది. 3.3 వోల్టుల లైనుకు అదొక లెక్క కాదు. 1 వోల్టు లైనుకు మాత్రం ఏడున్నర శాతం. మెనూలో చిప్పు తక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి అక్కడ ఏమీ తెలియదు.

కొలిచేటప్పుడు నల్ల ప్రోబ్‌ను కన్వర్టర్ గ్రౌండ్ మీద పెడితే సగం నష్టం కనిపించకుండా పోతుంది, ఎందుకంటే గ్రౌండ్ తీగలో కూడా అంతే పడిపోతుంది. రెండు ప్రోబ్‌లూ చిప్పు పక్కనే ఉండాలి, ఆట నడుస్తూ ఉండాలి.

కన్వర్టర్‌ను బోర్డుకు ఆనుకునేలా పెట్టి, తీగ రెండు మూడు సెంటీమీటర్లకు మించకుండా చూడండి. 18 గేజ్ వాడండి (గేజ్ అంకె తగ్గేకొద్దీ తీగ లావు), గ్రౌండ్‌కు కూడా అదే. అందరూ మర్చిపోయేది ఆ గ్రౌండ్ తీగనే. బోర్డు మీద పచ్చ పూతను వెడల్పుగా గీకి, రాగి బాగా కనిపించాకే సోల్డర్ చేయండి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఒక మీటరు పొడవు సిలికాన్ తీగ కొనుక్కుంటే మొత్తం పనికి సరిపోతుంది. తీగ మార్చకుండా కన్వర్టర్ స్క్రూ తిప్పి వోల్టేజీ పెంచొద్దు. లోడు తగ్గగానే ఆ ఎక్కువ వోల్టేజీ నేరుగా చిప్పుకే వెళ్తుంది.

వేడి వల్లే ఆగుతోందేమో తెలుసుకోవాలంటే టైమ్ చూడండి. వేడి అయితే కొంతసేపు ఆడాకే ఆగుతుంది, చల్లారాక మళ్లీ అంతసేపు నడుస్తుంది. వోల్టేజీ అయితే చల్లగా ఉన్నా సరే, బరువైన సీన్ రాగానే ఆగుతుంది.

ఫ్యాన్ తిరుగుతోంది, తెర నల్లగా ఉంది

బ్లూటూత్ మాడ్యూల్ తీసేశారా? అది లేకపోతే మామూలు సిస్టమ్ మెనూ పైకి రాదు. తిరిగి కలపండి. సాఫ్ట్‌వేర్ పనులన్నీ, నాండ్ (వీ లోపలి మెమరీ) బ్యాకప్‌తో సహా, కోయకముందే చేసుకోవాలి. ఆ మెమరీని తెరిచే ఎన్‌క్రిప్షన్ తాళాలు ప్రతి వీకీ వేరు, కాబట్టి పక్కవాళ్ల కాపీ మీకు పనికిరాదు.

ఆన్ కాగానే మొత్తం ఆరిపోతోంది

పాత ల్యాప్‌టాప్ నుంచి తీసిన సెల్స్ అయితే ముందు వాటినే అనుమానించండి. లోడు మీద వోల్టేజీ కుంగి, బ్యాటరీని కాపాడే ప్రొటెక్షన్ బోర్డు కరెంటు కట్ చేస్తుంది. కొత్తవి వేయండి.

చిప్పు కింద సోల్డర్ విరగడం, చిప్పే కాలిపోవడం లాంటివి చాలా అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.