తెల్లచుక్కలు పోయాయని నమ్మకండి

ఉప్పునీటి అక్వేరియం పెంచేవారికి ఒక మాట. చేప రెక్కల మీద ఉప్పురవ్వ చల్లినట్టు తెల్లచుక్కలు కనిపించి, కొద్ది రోజులకు వాటంతట అవే మాయమైతే జబ్బు తగ్గినట్టు కాదు. క్రిప్టోకేరియాన్ అనే ఆ పరాన్నజీవి చేపను వదిలి అడుగున ఇసుకలో గూడు కట్టుకుంటుంది. అందులోంచి వందల కొద్దీ పిల్లలు వచ్చి మళ్ళీ చేపనే పట్టుకుంటాయి. ఈసారి మొప్పలు తట్టుకోలేవు.

ఆ గూడు విచ్చుకోవడానికి సుమారు మూడు రోజులైనా పడుతుంది. కిటుకంతా అక్కడే ఉంది. రెండు ప్లాస్టిక్ టబ్బులు తీసుకుని, 72 గంటలు దాటకముందే చేపను ఒకదానిలోంచి మరొకదానిలోకి మార్చండి. ఇలా 4 సార్లు, మొత్తం 12 రోజులు. పాత నీరు ఒక్క చుక్క కూడా కొత్తదానిలో పడకూడదు. ఖాళీ అయిన టబ్బు, వల, గాలి గొట్టం కడిగి మేడమీద ఆరబెట్టండి. చెమ్మ పూర్తిగా పోతేనే గూళ్ళు చస్తాయి. మన తిరుపతి ఎండ ఇందుకు దేవుడిచ్చిన మందు. కొత్త నీటికి బోరు నీళ్ళు వద్దు, ఆర్‌ఓ నీటిలో సముద్రపు ఉప్పు కలిపి, వేడి, ఉప్పదనం సరిచూసుకోండి.

అసలు తొట్టిలో రాగి మందు మాత్రం పోయకండి, పగడాలు, రొయ్యలు బతకవు. దాన్ని 76 రోజులు చేపలు లేకుండా ఉంచితే చాలు.

చుక్కలు కాకుండా బంగారు పొడిలా సన్నని పూత కనిపిస్తే అది వెల్వెట్ అనే మరో పరాన్నజీవి జబ్బు. దానికి ఈ పద్ధతి పనిచేయదు, విడి తొట్టిలో రాగి మందు వెంటనే మొదలుపెట్టాలి.