ఫొటో వాక్ నడిపిద్దాం – 3వ పాఠం: ఆగే చోట్లు

ఫొటో వాక్ అంటే గుంపుగా నడుస్తూ ఫొటోలు తీయడం. పోయిన పాఠంలో దానికి వచ్చేవాళ్ల పేర్లు పదిమందికి మించకుండా రాసుకున్నాం. ఈసారి దారి చూద్దాం. తిరుపతిలో మొదటిసారి నడిపించేవాళ్లకు గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధులే చాలు. చంద్రగిరి కోట బాగుంటుంది గానీ బండ్లు, టికెట్లు అన్నీ మీ నెత్తిన పడతాయి. దాన్ని తర్వాత చూసుకుందాం.

వాక్ ఆదివారమైతే ముందటి ఆదివారం అదే టైముకు ఒక్కరే వెళ్లి నడవండి. వారంలో ఎండ పడే తీరు పెద్దగా మారదు, సెలవురోజు రద్దీ ఎలా ఉంటుందో కూడా తెలుస్తుంది. సూర్యుడు వచ్చిన మొదటి గంటలో వెలుగు ఏటవాలుగా పడుతుంది కాబట్టి గోపురం మీది బొమ్మలు విడివిడిగా కనిపిస్తాయి. ఎండ నెత్తి మీదికొస్తే ముఖాలు నీడలోకి పోతాయి.

దూరం లెక్క వేసుకోకండి. ఫొటోలు తీసేవాళ్లు కిలోమీటరు నడవడానికి రెండు గంటలు తీసుకుంటారు. మీరు వెతకాల్సింది ఆగే చోట్లు. మూడు చాలు. ఒక్కోచోట నిలబడి చూడండి: ఇక్కడ పదిమంది ఆగితే ఆటో పోతుందా? పూలమ్మే ఆవిడ బేరానికి అడ్డమా? అడ్డమైతే వీధికి అవతలి పక్కన ఆగాలి.

ప్రతి చోటా ఒక చిన్న పని ఇవ్వండి. గోపురాన్ని దగ్గర నుంచి ఫోన్ పైకెత్తి తీస్తే అది వెనక్కి వాలినట్టు వస్తుంది. ఫోన్ నిటారుగా ఉంచి, గోపురం మొత్తం పట్టేదాకా వెనక్కి నడవమనండి. కోనేటి దగ్గర నీళ్లలో నీడ కనిపిస్తోందా లేదా అన్నది మీరు ముందే చూసి ఉండాలి. గుడి లోపలికి కెమెరా వద్దని బయలుదేరేటప్పుడే చెప్పేయండి.

కొత్తగా గుండు చేయించుకున్న పిల్లలను చూస్తే అందరి చేతులూ ఆగవు. పెద్దవాళ్లను అడగకుండా తీయొద్దు. భక్తుల్లో తమిళులు, కన్నడిగులు చాలామంది ఉంటారు. ‘ఫొటో ఎడుక్కలామా?’, ‘ఫొటో తెగీబహుదా?’ అనే రెండు ముక్కలు గుంపుకు నేర్పండి. వద్దంటే నవ్వి పక్కకు రావడమే.

మీ కెమెరా సంచిలోనే ఉండాలి. ఇది చాలామందికి నచ్చదు, నాకు తెలుసు. కానీ మీరు వ్యూఫైండర్‌లో కన్ను పెట్టిన క్షణంలోనే చివరి మనిషి సందులోకి తిరిగిపోతాడు.

అభ్యాసం: ఒక కాగితం మీద దారి గీసి, మూడు చోట్లూ, చివరికి టిఫిన్ తినే హోటలూ గుర్తు పెట్టండి. వచ్చే పాఠంలో ఆలస్యంగా వచ్చేవాళ్ల సంగతి.