కడప పాత స్పెల్లింగ్‌లో రెండు డి లు ఎందుకు? ఇంగ్, ఇ-డి కలిపేటప్పుడు తప్పు రాకుండా రాయడం

కడప బండలు అమ్మే దుకాణాల బోర్డుల మీద మా ఊరి పేరు ఇప్పటికీ పాత పద్ధతిలో కనిపిస్తుంటుంది, సి-యు-డి-డి-ఎ-పి-ఎ-హెచ్ అని. 2005లో దాన్ని కె-ఎ-డి-ఎ-పి-ఎ అని మార్చారు. మనమెవరమూ ఎన్నడూ ‘కడ్డప’ అనలేదు కదా, మరి రెండు డి లు ఎందుకు పెట్టినట్టు? నా దగ్గరికి ట్యూషన్‌కొచ్చే టెన్త్ పిల్లలకు ఇంగ్, ఇ-డి ల పాఠం ఈ ప్రశ్నతోనే మొదలుపెడతాను. దీని జవాబు పట్టుకుంటే సగం రూల్స్ బట్టీ పట్టే పనే లేదు.

మనకు ‘క’ వేరు, ‘కా’ వేరు, ‘కె’ వేరు, గుణింతం చూస్తే ఎలా పలకాలో తెలిసిపోతుంది. ఇంగ్లీషుకు ఆ సౌకర్యం లేదు, ఉన్న ఐదు అచ్చులతోనే అన్నీ రాసుకోవాలి, అందుకని ఒక అచ్చును ఎలా పలకాలన్నది చాలాసార్లు దాని వెనక వచ్చే అక్షరాలే చెప్తాయి. వెనక ఒకే హల్లు, ఆ హల్లు వెనక మళ్లీ అచ్చు ఉంటే మొదటి అచ్చు తరచుగా తన పేరుతోనే పలుకుతుంది: హోప్‌లో ఓ, మేక్‌లో ఎ, రాయడం అనే రైట్‌లో ఐ. మధ్యలో రెండు హల్లులుంటే మామూలుగా పేరు పలకదు. మా ఊరి పేరులో ఒకే డి ఉంటే చూసినవాళ్లు ‘క్యూడప’ అనే వీలుంది, రెండు ఉంటే యు అణిగి ‘కడప’కు దగ్గరగా వస్తుంది. మన ఒత్తుకూ దానికీ ఉన్న తేడా ఇదే. ‘గద్దె’లో ద-వత్తును మనం గట్టిగా పలుకుతాం. ఇంగ్లీషు జంట అక్షరం మాత్రం ఒక్కదానిలాగే పలుకుతుంది, అది ఉన్నది ముందరి అచ్చుకు కాపలా కాయడానికి. అందుకే స్టాపింగ్‌లో రెండు పి లు రాయాలి, కానీ ‘స్టాప్పింగ్’ అని నొక్కి పలకకూడదు.

పోయిన ఏడాది మా వీధిలో డిగ్రీ అయిపోయిన అమ్మాయి ఉద్యోగం కోసం మెయిల్ రాసుకుని, పంపే ముందు నా దగ్గరికి తెచ్చింది. అంతా బాగానే రాసింది. చివర్లో ‘మీ జవాబు కోసం ఆశిస్తున్నాను’ అనాల్సిన చోట హెచ్-ఓ-పి-పి-ఐ-ఎన్-జి అని ఉంది. అది హోపింగ్ కాదు, హాపింగ్. అంటే ఒంటికాలి మీద గెంతడం, తొక్కుడుబిళ్లలో గెంతుతామే, అది. "ఫోన్‌లో ఎర్రగీత రాలేదు కదక్కా" అంది పాపం. ఎలా వస్తుంది, రెండూ సరైన మాటలే. ఇలాంటి తప్పును ఫోన్ పట్టుకుంటుందని నమ్ముకోవద్దు, మన కన్నే పట్టుకోవాలి.

పట్టుకోవడం ఎలాగంటే, ముందు మాట చివరి మూడు అక్షరాలు చూడండి. ఒకే గుక్కలో పలికే చిన్న మాట అయి, చివర హల్లు, అచ్చు, హల్లు వరుసగా ఉంటే ఆఖరి హల్లును రెట్టింపు చేయాలి. స్టాప్, ప్లాన్, కట్, రన్, అన్నీ ఇంతే. రెయిన్‌లో రెండు అచ్చులున్నాయి, హెల్ప్‌లో చివర రెండు హల్లులున్నాయి, కాబట్టి వాటికి అక్కర్లేదు. డబ్ల్యూ, ఎక్స్, వై లను ఎప్పుడూ రెట్టింపు చేయరు: షోయింగ్, ఫిక్సింగ్, ప్లేయింగ్.

చివర పలకని ఇ ఉంటే ఇంగ్ ముందు దాన్ని తీసేయాలి. ఆ ఇ ఎక్కువగా చేసే పని ముందరి అచ్చు చేత పేరు పలికించడం, ఇంగ్‌లోని ఐ వచ్చాక ఆ పని ఐ చూసుకుంటుంది. అందుకే రైటింగ్‌లో ఒకే టి. అదే ‘రిటెన్’ దగ్గరికి వచ్చేసరికి ఐ తన పేరు పలకడం మానేసింది, వెంటనే టి రెండయింది. ఈ రెండు మాటలూ నోట్‌బుక్ అట్ట మీదే రాసి పెట్టుకోమంటాను నేను, ఎందుకంటే ఇప్పటిదాకా చెప్పిందంతా ఈ జంటలోనే కనిపిస్తుంది. ఇ-డి చేర్చేటప్పుడు ఇ ఎలాగూ ఉంది, డి ఒక్కటే తగిలిస్తే చాలు. సీ, అగ్రీ లాంటి వాటిలో రెండు ఇ లు పలుకుతున్నాయి కాబట్టి సీయింగ్, అగ్రీయింగ్‌లో రెండూ ఉంటాయి. బట్టలకు రంగు వేసే డై, అంటే డి-వై-ఇ, ఇంగ్ చేరినా తన ఇ ని వదలదు. వదిలితే డి-వై-ఐ-ఎన్-జి అవుతుంది, అది చనిపోవడం. ఆ చనిపోయే డై చివర ఐ-ఇ ఉంటుంది, లై, టై కూడా అలాంటివే, ఇంగ్ ముందు ఆ ఐ-ఇ పోయి వై వస్తుంది.

వై తో ముగిసే మాటలకు మన సంధుల పాఠం గుర్తు చేసుకోండి. ఆదేశం శత్రువులాంటిది, ఉన్నదాన్ని తోసేసి తాను కూర్చుంటుంది అని తెలుగు సార్లు చెప్తారు కదా. వై ముందు హల్లు ఉంటే జరిగేది అదే. ట్రై కి ఇ-డి చేరితే వై పోయి ఐ వస్తుంది, టి-ఆర్-ఐ-ఇ-డి, ట్రైస్ అన్నప్పుడు కూడా టి-ఆర్-ఐ-ఇ-ఎస్. ఇంగ్ ముందు మాత్రం వై కదలదు, కదిలితే రెండు ఐ లు పక్కపక్కన పడతాయి. స్టడీయింగ్‌లో వై మింగేసి ఎస్-టి-యు-డి-ఐ-ఎన్-జి అని రాసే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు, దయచేసి అక్కడ ఒక్క క్షణం ఆగండి. వై ముందు అచ్చు ఉంటే ప్లే, ఎంజాయ్ లాగా ఏమీ మారదు. పే, సే, లే మూడూ వేరు: పి-ఎ-ఐ-డి, ఎస్-ఎ-ఐ-డి, ఎల్-ఎ-ఐ-డి.

ఎస్, ఎస్‌హెచ్, సిహెచ్, ఎక్స్, జెడ్‌లతో ముగిసే మాటలకు ఎస్ చేర్చాల్సి వస్తే ఉత్త ఎస్ కాకుండా ఇ-ఎస్ చేర్చాలి, గో, డూ లకు కూడా అంతే.

అసలు కష్టం పెద్ద మాటలతో. ఆసుపత్రిలో అడ్మిట్ చేశారు అంటాం, ఆఫీసర్ విజిట్‌కొచ్చాడు అంటాం. రెండింటి చివరా ఐ-టి నే ఉంది, అయినా అడ్మిటెడ్‌లో రెండు టి లు, విజిటెడ్‌లో ఒక్కటే. మనం తెలుగు పలికినట్టు అన్నీ సమానంగా పలుకుతాం కాబట్టి తేడా మన చెవికి అందదు. ఇంగ్లీషువాళ్లు అడ్మిట్‌లో ‘మిట్’ను నొక్కుతారు, విజిట్‌లో ‘వి’ని నొక్కుతారు. నొక్కు చివర పడితేనే రెట్టింపు: బిగిన్, ప్రిఫర్, అకర్, ఫర్గెట్. ఓపెన్, లిజన్, హ్యాపెన్, ఆఫర్, ఎంటర్‌లకు నొక్కు ముందే పడుతుంది, వాటిని ముట్టుకోవద్దు. అనుమానం వస్తే డిక్షనరీలో ఉచ్చారణ చూడండి, నొక్కే భాగానికి ముందు పైన చిన్న నిలువు గీత ఉంటుంది. అది రెండు సెకన్ల పని, పరీక్షకు ముందు ఓ ఇరవై మాటలకు చూసుకుంటే టెన్షన్ ఉండదు.

ట్రావెల్, క్యాన్సిల్‌లకు నొక్కు ముందే ఉన్నా బ్రిటిష్ పద్ధతిలో ఎల్ రెండవుతుంది, అమెరికా పద్ధతిలో ఒకటే. మన పాఠ్యపుస్తకాలది బ్రిటిష్ పద్ధతి. ఫోన్‌లో భాష అమెరికన్‌కు పెట్టి ఉంటే ట్రావెలింగ్‌లోని రెండో ఎల్‌ను తప్పనొచ్చు, దాన్ని చూసి చెరిపేయకండి, భాష సెట్టింగ్ మార్చుకోండి.

చివరగా సి తో ముగిసేవి. ప్యానిక్, పిక్నిక్, మిమిక్‌లకు ఇంగ్ గానీ ఇ-డి గానీ చేర్చే ముందు మధ్యలో ఒక కె పెట్టాలి. సి వెనక ఐ గానీ ఇ గానీ వస్తే ‘స’ అని పలుకుతుంది, ఆ కె లేకపోతే ప్యానికింగ్ కాస్తా ‘ప్యానిసింగ్’ అవుతుంది.