అట్లాంటిక్ అవతలి చుట్టాలు: మద్రాసు ఓడెక్కినవాళ్ల ఆనవాలు పట్టడం ఎలా

"మా ముత్తాత తమ్ముడు ఓడెక్కి పోయాడట, మళ్లీ రాలేదు" అనే మాట కోస్తా జిల్లాల ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. దక్షిణ అమెరికా తీరంలోని గయానాలోనో, కరీబియన్‌లోని ఫ్రెంచి దీవి గ్వాడెలూప్‌లోనో ఎవరినైనా అడిగితే "మా పెద్దలు మద్రాసు నుంచి వచ్చారు" అంటారు. ఇద్దరూ చెప్పేది తోటల్లో కూలికి ఒప్పందం మీద ఓడెక్కినవాళ్ల సంగతే. ఈ రెండు కొసల్నీ ముడివేయడం కుదిరే పనే. చాలామంది మొదలుపెట్టడమే తప్పుగా మొదలుపెడతారు: ఊళ్లో విన్న పేరు పట్టుకుని ఓడ జాబితాల్లో వెతుకుతారు. ఒక్క ఓడలోనే పదిమంది రామస్వాములు ఉంటారు. ఈ పనిలో పేరుకన్నా నంబరు ముఖ్యం. ఊరి నుంచి దీవికి వెళ్లడంకన్నా దీవి నుంచి ఊరికి రావడం తేలిక.

ముందు ఏ సముద్రమో తేల్చుకోండి

ఓడెక్కినవాళ్లంతా అట్లాంటిక్ దాటలేదు. తెలుగువాళ్లు ఎక్కువగా వెళ్లింది రంగం (బర్మా), మారిషస్, దక్షిణాఫ్రికాలోని నేటాల్ వైపు. కాబట్టి మొదట కాలం చూడాలి. బ్రిటిష్ గయానాకు మొత్తం 2,39,000 మంది, ట్రినిడాడ్‌కు 1,44,000 మంది దాకా కూలీలు వెళ్లారు గానీ, వాళ్లలో అత్యధికులు కలకత్తాలో ఓడెక్కిన ఉత్తరాది వాళ్లు. మద్రాసు నుంచి ఆ రెండు చోట్లకీ ఓడలు ముఖ్యంగా 1845 నుంచి 1860ల తొలి ఏళ్ల దాకా నడిచాయి. ఆ తర్వాత 1905 దాటాక మళ్లీ కొన్ని వెళ్లాయి. మీ ఇంటి కథ 1880ల నాటిదై, వెళ్లింది ఇంగ్లీషువాళ్ల రాజ్యానికే అని చెబుతుంటే, ముందుగా 1860లో మొదలైన నేటాల్ ఓడలు చూడండి. 1903 తర్వాతిదైతే ఫిజీ కూడా లెక్కలో ఉంటుంది.

ఫ్రెంచి దీవుల సంగతి వేరు. మార్టినిక్‌కు 1853లో, గ్వాడెలూప్‌కు 1854లో మొదటి ఓడ చేరింది. రెంటికీ ఓడ పేరు ఒకటే, ఓరెలీ. గ్వాడెలూప్‌కు దాదాపు 42,000 మంది, మార్టినిక్‌కు 25,000 మంది వెళ్లారు. ఎక్కువ ఓడలు పుదుచ్చేరి, కారైకాల్ నుంచి కదిలాయి కాబట్టి అక్కడ దక్షిణాదివాళ్లే ఎక్కువ. 1880ల చివర బ్రిటిష్ ప్రభుత్వం ఆ దారి మూసేసింది. సూరినామ్ జాబితా ఇంటర్నెట్‌లో చక్కగా, ఉచితంగా దొరుకుతుంది కాబట్టి చాలామంది అందులో రోజులు గడిపేస్తారు. అక్కడికి వెళ్లిన 34,000 మందీ దాదాపుగా కలకత్తా ఓడలవాళ్లే. తెలుగు తాత కోసం అందులో వెతకడం దండగ.

నంబరు ఎక్కడ దొరుకుతుంది

దీవుల్లో గానీ గయానాలో గానీ దిగిన ప్రతి మనిషికీ అక్కడి వలస కార్యాలయం ఒక నంబరు వేసింది. తోట మారినా, పేరు చెడినా, మతం మారినా ఆ నంబరు మారలేదు. దాన్ని పట్టుకోవాలంటే గయానా మూలాలున్న మనిషి తన తాతముత్తాతల జనన, వివాహ, మరణ పత్రాలు ఒక్కొక్కటిగా తీయించుకుంటూ వెనక్కి పోవాలి. అక్కడ పుట్టిన తొలి తరం పిల్లల జనన పత్రాల్లో తల్లిదండ్రుల పేర్ల పక్కన చాలాసార్లు నంబరు, ఓడ పేరు, వచ్చిన ఏడు రాసి ఉంటాయి. ఆ మూడూ చేతికొస్తే జార్జ్‌టౌన్‌లోని వాల్టర్ రాడ్నీ ఆర్కైవ్స్‌లో గానీ, ట్రినిడాడ్‌వాళ్లయితే పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో గానీ ఓడ రిజిస్టరు అడగొచ్చు. ఓడ పేరు ఒక్కటే రాస్తే పని జరగదు. ఒకే ఓడ పదిసార్లు తిరిగి ఉంటుంది, కాబట్టి ఓడ, ఏడు రెండూ రాయాలి.

గ్వాడెలూప్, మార్టినిక్ వాళ్లకు ఇల్లు కదలక్కర్లేదు. ఫ్రాన్స్‌లో ఎక్స్-ఆన్-ప్రావెన్స్ పట్టణంలోని ఫ్రెంచి సముద్రపార ఆర్కైవ్స్ జనన మరణ రిజిస్టర్ల బొమ్మలు తన సైట్‌లో ఉచితంగా పెట్టింది. దీవి, పట్టణం, ఏడు ఎంచుకుని తెరవాలి. పేరుతో వెతికే వీలుందనుకోకండి, పేజీలు తిప్పాల్సిందే. ఏడాది చివర అక్షరక్రమ పట్టిక ఉందేమో ముందు చూడండి, పదేళ్లకొకటి చేసిన పట్టిక ఉంటే ఇంకా మేలు. గ్వాడెలూప్‌లో కాపెస్టేర్, సాన్-ఫ్రాన్సువా, మూల్, మార్టినిక్‌లో బాస్-పాయింట్, మాకూబా మనవాళ్లు ఎక్కువగా ఉన్న చోట్లు. అక్కడినుంచి మొదలుపెట్టండి. మరణ నమోదులో ‘మాత్రిక్యుల్’ అన్న మాట పక్కనున్న అంకే మనకు కావలసిన నంబరు.

వంశాల పాత రికార్డులు పెట్టే ఫ్యామిలీసెర్చ్ సైట్ కూడా ఉచితమే, కానీ దాని వెతుకు పెట్టె మనల్ని మోసం చేస్తుంది. సూచీ వేసినవి మాత్రమే అందులో దొరుకుతాయి. ఏమీ రాలేదని వదిలేయకుండా కేటలాగ్‌లోకి వెళ్లి ఊరి పేరుతో వెతికి, మైక్రోఫిల్మ్ బొమ్మలు ఒక్కొక్కటీ చూడాలి. తాళం గుర్తున్న బొమ్మలు వాళ్ల కేంద్రాల్లోని కంప్యూటర్ల మీదే తెరుచుకోవచ్చు.

పాసు చదవడం

ఓడెక్కేముందు రేవు డిపోలో ప్రతి మనిషికీ ఒక పాసు రాసేవారు. అందులో డిపో నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు అడుగులూ అంగుళాల్లో, ఒంటి మీద గుర్తు ఉంటాయి. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు: డిపో నంబరు వేరు, దీవిలో దిగాక వేసిన వలస నంబరు వేరు. మొదటిది పట్టుకుని రెండోదాని రిజిస్టరులో వెతికితే ఇంకెవరో తగులుతారు, తేడా కూడా తెలియదు. తొలి ఓడల కాగితాలు అన్నీ మిగల్లేదు. పాసు లేకపోతే తోటల రిజిస్టర్లు, మరణ నమోదులే గతి.

వయసును నమ్మకండి, ఐదేళ్లు అటూ ఇటూ వేసుకోండి. ఇరవై, ఇరవై రెండు, ఇరవై ఐదు అన్న అంకెలే మళ్లీ మళ్లీ కనిపించడానికి కారణం గుమాస్తా మొహం చూసి రాసుకోవడమే. కులం గడి ఇంకా జాగ్రత్తగా చూడాలి. అక్కడ ‘జెంటూ’ అని ఉంటే అది కులం కాదు, తెలుగువాడని అర్థం. ‘మలబార్’ అని ఉంటే కేరళ అనుకోకండి, ఆ కాలం మద్రాసు కాగితాల్లో అది చాలాసార్లు తమిళుడికి వాడిన మాట. ఈ రెండు ముక్కలు తెలియకే తెలుగు కుటుంబాలు కొన్ని తమని తాము తమిళులుగా రాసుకున్నాయి. అసలు కులం దాచి వేరేది చెప్పినవాళ్లూ ఉన్నారు. ఆ గడి మీద మాత్రమే ఆధారపడి ఏ నిర్ణయానికీ రావద్దు.

ఒంటి మీద గుర్తు ఎందుకులే అని వదిలేయకండి. ఒకే ఓడలో అదే పేరు, అదే జిల్లాతో ఇద్దరుంటే ‘ఎడమ మోకాలి మీద మచ్చ’ అన్న ముక్కే వాళ్లను విడదీస్తుంది. తోట ఆస్పత్రి కాగితాల్లోనో, తిరుగు ఓడ జాబితాలోనో అదే గుర్తు మళ్లీ కనిపించవచ్చు.

పేరు ఎలా వంకర పోయింది

ఇంటిపేరు పాసులో దాదాపు ఉండదు. దీవిలో పుట్టిన పిల్లలకు తండ్రి పేరే ఇంటిపేరైంది. కాబట్టి ఇప్పుడు అక్కడివాళ్ల ఇంటిపేరు వీరాసామీ అయితే, అది ఎవరో ఒక తాత వీరస్వామి పేరే. మన ఊళ్లో ఆ ఇంటిపేరు కోసం వెతికితే ఎప్పటికీ దొరకదు.

శబ్దాలు మారిన తీరుకు ఒక పద్ధతి ఉంది. ‘ఉ’ శబ్దాన్ని ఇంగ్లీషు గుమాస్తా రెండు ‘ఓ’లతోనో ‘యూ’ అక్షరంతోనో రాస్తే, ఫ్రెంచివాడు ‘ఓ’, ‘యూ’ కలిపి రాశాడు. ‘చ’ చాలాచోట్ల ‘ఎస్’ అయింది, చిన్నయ్య సిన్నయా అయ్యాడు. వెంకట అన్నది ఫ్రెంచి దీవుల్లో ‘వింగద’ అయింది. తమిళ పద్ధతి ప్రకారం చివర ‘న్’ తగిలించిన పేర్లు, నాగపిన్, విరపిన్ లాంటివి, ఫ్రెంచివైపు మామూలు. మీ మనిషి పేరుకు ఇలా వీలైనన్ని రూపాలు ఒక కాగితం మీద రాసుకుని, పన్నెండుకు తక్కువ కాకుండా వెతకండి. ‘వి’ ఉన్నచోట ‘బి’, ‘డబ్ల్యూ’ కూడా చూడండి. అప్పడు, రాముడు, వెంకడు లాంటి ‘డు’ చివర పేర్లు, అచ్చమ్మ, పోలయ్య లాంటివి కనిపిస్తే మంచి సూచన, అవి తెలుగు నోటివే. స్వామి, అయ్య అన్న చివరలు ఒక్కటే చూస్తే మాత్రం అవి తెలుగువాళ్లకీ తమిళులకీ ఉమ్మడి.

ఊరు పట్టడం

పాసులో ‘నెల్లూరు జిల్లా, ఒంగోలు తాలూకా’ అని ఉంటే తప్పు కాదు. ఒంగోలు 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరులోనే ఉంది, ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. అలాగే మదనపల్లె 1911 దాకా కడప జిల్లా. ‘మసులిపట్నం జిల్లా’, ‘రాజమండ్రి జిల్లా’ అన్నవి 1859కి ముందటి పేర్లు, ఆ ఏడే వాటిని గుంటూరుతో కలిపి కృష్ణా, గోదావరి జిల్లాలుగా చేశారు. కాబట్టి పాసు తేదీ చూసి, ఆనాటి సరిహద్దుల్లో వెతకాలి. ఇప్పటి జిల్లా పటం ముందేసుకుంటే గందరగోళమే. కొత్తపల్లి, రామాపురం, చింతలపాలెం లాంటి పేర్లు తాలూకాకు రెండు మూడైనా ఉంటాయి. అంగుళానికి మైలు లెక్కన వేసిన పాత సర్వే పటాల్లో ఆ తాలూకా అంతా గాలించి, పోలిన ఊళ్లన్నీ రాసుకుని, పక్క ఊళ్ల నుంచి అదే ఓడెక్కినవాళ్లెవరైనా ఉన్నారేమో చూడండి. మనుషులు గుంపులుగా వెళ్లారు. ఒకే తాలూకా నుంచి అదే ఓడలో నలుగురుంటే, మిగతా ముగ్గురి ఊళ్ల పేర్లు మీ ఊరెక్కడో చెప్పేస్తాయి.

ఊరు తేలాక అక్కడి కాగితాలు. ఇనాము భూమి ఉన్న కుటుంబమైతే 1860ల ఇనాము కమిషన్ ఫెయిర్ రిజిస్టరు బంగారం, హక్కుదారుల వరస అందులో ఉంటుంది. రైత్వారీ పట్టా ఉన్నవాళ్లకు రీసెట్లుమెంటు రిజిస్టరు, అంటే శిస్తు మళ్లీ కట్టినప్పుడు రాసిన భూమి లెక్క. ఓడెక్కినవాళ్లలో ఎక్కువమందికి ఈ రెండూ లేవు, భూమి ఉంటే అంత దూరం పోయేవాళ్లు కారు. అలాంటి చోట్ల నోటి మాటే ఆధారం. గోత్రాలు, ఇంటిపేర్లు చెప్పే వంశరాజ్‌లు, భట్రాజులు తిరిగే కులాలైతే వాళ్లనీ అడగండి. మద్రాసు ప్రెసిడెన్సీ వలస ఫైళ్లు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. హైదరాబాద్ తార్నాక ఆర్కైవ్స్‌లో ఎక్కువ నిజాం కాగితాలు, ఈ పనికి అవి పెద్దగా అక్కరకు రావు. యానాం నుంచి వెళ్లినవాళ్లయితే పైన చెప్పిన ఫ్రెంచి ఆర్కైవ్స్ సైట్‌లోనే యానాం రిజిస్టర్లు కూడా చూడొచ్చు.

రక్తపరీక్ష కాదు, ఉమ్మి పరీక్ష

కాగితం తెగిపోయిన చోట డీఎన్ఏ పనికొస్తుంది, కానీ దాని హద్దు తెలిసి వాడాలి. 1858లో ఇరవై రెండేళ్ల అన్నదమ్ముల్లో ఒకడు ఓడెక్కాడనుకోండి. ఆ అన్నదమ్ముల పిల్లల్ని మొదటి తరం కజిన్లుగా లెక్కేస్తే, ఇవాళ డెబ్భై ఏళ్లున్న రెండువైపుల వారసులు నాలుగో తరం కజిన్లు, వాళ్ల పిల్లలు ఐదో తరం. మూడో తరం కజిన్లు సగటున 70 సెంటీమోర్గాన్లు (ఉమ్మడి డీఎన్ఏని కొలిచే లెక్క) పంచుకుంటారు, నాలుగో తరంలో సగం మంది మధ్య అసలేమీ కనిపించదు, ఐదో తరంలో కనిపించకపోవడమే మామూలు. అందుకే ఉమ్మి ఇవ్వాల్సింది మీరు కాదు, ఇంట్లో బతికున్న అందరికన్నా పెద్దవాళ్లు. గయానావాళ్ల పిల్లలు ఇప్పుడు న్యూయార్క్‌లోని రిచ్‌మండ్ హిల్‌లో, టొరంటో స్కార్‌బరోలో ఎక్కువగా ఉన్నారు, కాబట్టి అమెరికాలో ఎక్కువమంది వాడే ఆన్‌సెస్ట్రీలో చేయించి, ఆ ఫైలు, వేర్వేరు కంపెనీల డీఎన్ఏ ఫైళ్లను పోల్చే జెడ్‌మ్యాచ్ సైట్‌లో కూడా ఎక్కించడం మంచిది.

మనకు ప్రత్యేకమైన చిక్కు మేనరికం. తరతరాలుగా మేనమామ కూతుర్నో మేనకోడలినో చేసుకున్న ఇళ్లలో, ఏ చుట్టరికమూ లేనట్టున్న ఇద్దరికి కూడా చిన్న చిన్న ముక్కలు బోలెడు కలుస్తాయి. మొత్తం 60 సెంటీమోర్గాన్లు అని చూసి పండగ చేసుకోవద్దు. అది ఎనిమిదీ పదీ లెక్కన ఏడు ముక్కలైతే కులమంతా పంచుకున్న పాత రక్తం. ఒకే ముక్క 20 దాటి ఉంటే అప్పుడు పట్టించుకోండి. ఇద్దరూ మగవరుసలోనే దిగి వచ్చిన దాయాదులని అనుమానమైతే వై క్రోమోజోమ్ పరీక్ష వేరే చేయించాలి. అందులో మేనరికం గోల ఉండదు, తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వస్తుంది. ఆడపిల్ల వైపు చుట్టరికానికి అది పనికిరాదు.

మొదటి ఉత్తరం

చుట్టమని తేలిన మనిషికి రాసేటప్పుడు కులం అడగకండి. వాళ్లలో చాలామందికి అది తెలియదు, తెలిసినవాళ్లకు ఆ ప్రశ్న నచ్చదు. చాలామంది ఇప్పుడు క్రైస్తవులు కూడా. గ్వాడెలూప్‌కైతే ఫ్రెంచిలో రాయించండి, ఇంగ్లీషు ఉత్తరానికి జవాబు రావడం కష్టం. వలస నంబరు, ఓడ, ఏడు, మీ ఊరి పేరు, మీకు తెలిసిన నాలుగు తరాల పేర్లు ఒక పేజీలో పెట్టి, ఊరి గుడి ఫోటో ఒకటి జతచేయండి. డీఎన్ఏ అంకెలు మొదటి ఉత్తరంలో వద్దు. వాళ్ల ఇంట్లో మారియమ్మ పూజ ఉందా, తప్పెట కొడతారా, ఏ వంటకానికి ఏ పేరు పిలుస్తారు అని అడగండి. ఆ జవాబులో ఒక్కోసారి నంబరు రిజిస్టరులో దొరకని తెలుగు మాట ఒకటి బయటపడుతుంది.