డ్రాయింగ్ కింద మీ పేరు ఉందా?

ఉద్యోగంలో చేరిన రెండో ఏట నాకొక ఓవర్‌హెడ్ వాటర్ ట్యాంకు డిజైన్ ఇచ్చారు. గాలి లోడు, భూకంపం లోడు, ట్యాంకు నిండుగా ఉంటే ఒక లెక్క, ఖాళీగా ఉంటే ఇంకో లెక్క, మొత్తం రెండు నెలలు దాని మీదే కూర్చున్నాను. ఫైనల్ ప్రింట్ వచ్చాక కుడివైపు కింది మూల చూస్తే 'డిజైన్డ్ బై' గడిలో మా సార్ ఇనిషియల్స్, 'చెక్డ్ బై'లో ఇంకో సార్‌వి, 'డ్రాన్ బై'లో డ్రాఫ్ట్స్‌మన్‌వి ఉన్నాయి. నావి ఎక్కడా లేవు. అడిగితే "నువ్వే చేశావని ఆఫీసులో అందరికీ తెలుసు కదమ్మా, మళ్లీ పేరెందుకు" అన్నారు. నిజమే అనుకున్నాను. నాలుగేళ్ల తర్వాత వేరే ఇంటర్వ్యూలో ట్యాంకులు చేశానని చెప్తే, మీరే చేశారనడానికి ఏముంది అని అడిగారు. చూపించడానికి ఏమీ లేదు. ఆఫీసులో అందరికీ తెలిసిన సంగతి ఆ గేటు దాటితే ఎవరికీ తెలియదు. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అచ్చం అదే. మా సార్ చెడ్డవారేం కాదు, అక్కడ అలవాటు అంతే, అలవాటని మనం ఊరుకుంటాం కాబట్టి అది అలాగే సాగుతుంది.

అందుకని ఇంజనీరింగ్‌లో కొత్తగా చేరిన అమ్మాయిలకి, పదేళ్లయినా గుర్తింపు రాలేదని బాధపడుతున్నవాళ్లకి, నేను ఆలస్యంగా నేర్చుకున్న పద్ధతులు రాస్తున్నాను. నాది సివిల్, కాబట్టి ఉదాహరణలు ఎక్కువ అటువైపువే ఉంటాయి. మిగతా బ్రాంచీలవాళ్లు మీ పనికి తగ్గట్టు మార్చుకోండి.

మొదటిది, పేరు అడగాల్సింది ప్రింట్ తీశాక కాదు, తీయకముందు. ప్రింట్ బయటికి వెళ్లాక అడిగితే అది ఫిర్యాదు, ముందే అడిగితే మామూలు ప్రశ్న. "సార్, డిజైన్డ్ బై గడిలో నా ఇనిషియల్స్ పెట్టమంటున్నాను, మీరు చెక్డ్ బైలో ఉంటారా, అప్రూవ్డ్ బైలో ఉంటారా?" అని అడిగి చూడండి. పెట్టాలా వద్దా అని కాదు, ఆయన ఏ గడిలో అని. నూటికి తొంభైసార్లు పని జరిగిపోతుంది (ఈ లెక్క నా అనుభవంలోది, ఎవరూ సర్వే చేయలేదు). లెక్కల షీట్లలో కూడా ప్రతి పేజీ మీద పేరు, తేదీ వేయండి. సాఫ్ట్‌వేర్‌లో ఉంటే పక్కవాళ్ల లాగిన్‌తో కోడ్ ఎక్కించకండి, అర్జెంటైనా సరే. సైట్‌లో ఉంటే కాంక్రీట్ వేసేముందు అన్నీ సరిచూసి సంతకాలు పెట్టే పోర్ కార్డు మీద, ప్రభుత్వ శాఖలో అయితే కొలతలు నమోదు చేసే ఎం బుక్‌లో (మెజర్‌మెంట్ బుక్), కొలతలు తీసింది మీరైతే సంతకం కూడా మీదే ఉండాలి.

మీటింగ్ మినిట్స్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. గదిలో పదిమంది ఉంటే, వాళ్లలో ఒక్కతే అమ్మాయి ఉంటే, మినిట్స్ రాసే పని ఆ అమ్మాయికే వస్తుంది, ఎందుకో ఎవరూ చెప్పరు. "ఈసారి నేను రాస్తాను, వచ్చేసారి ఎవరు?" అని అక్కడికక్కడే అనేయండి, నవ్వుతూనే అనండి, కానీ అనండి. రాయక తప్పకపోతే మాత్రం మొహమాటపడకుండా మీరు చెప్పిన పాయింటు పక్కన మీ పేరు రాయండి. నేను మూడేళ్లు అందరి పేర్లూ రాసి, నా మాటలను మాత్రం 'చర్చించడమైనది' అని రాశాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

ఇక డైరీ. శుక్రవారం సాయంత్రం పది నిమిషాలు చాలు. ఆ వారం ఏ సమస్య వచ్చింది, మీరేం చేశారు, ముందు ఎంత ఉంది తర్వాత ఎంత అయింది, ఎవరికి ఏ తేదీన మెయిల్ పెట్టారు, ఇంతే. "ఫౌండేషన్ బాగా చేశాను" అని రాస్తే ఆరు నెలలకి మీకే గుర్తుండదు. "పైల్ క్యాప్ మందం మార్చడంతో 12 టన్నుల స్టీలు తగ్గింది, క్లయింట్ ఒప్పుకున్నారు" అని రాస్తే అది మీ ఆస్తి. ఆఫీసు డ్రాయింగులు, ఫైళ్లు మాత్రం ఇంటికి మోసుకెళ్లకండి, అది తప్పు, ఉద్యోగానికే ముప్పు. పని గురించి మీ మాటల్లో రాసుకుంటే చాలు. అప్రైజల్‌కి రెండు వారాల ముందు ఈ డైరీలోంచి ఒక్క పేజీ తీసి మేనేజర్‌కి పంపండి. అప్రైజల్ రోజు గదిలో కూర్చుని చెప్పేసరికి రేటింగు అప్పటికే ఖాయమైపోయి ఉంటుంది.

చాలామంది ఆగిపోయేది ఇక్కడే, సొంత డబ్బా కొట్టుకోవడం అవుతుందేమోనని. దీనికి నాకు నచ్చిన జవాబు ప్రొఫెసర్ గాలి మాధవీలత గారి దగ్గర దొరికింది. ప్రకాశం జిల్లా ఏడుగుండ్లపాడు ఆవిడ ఊరు, జేఎన్‌టీయూలో బీటెక్, వరంగల్‌లో ఎంటెక్, మద్రాస్ ఐఐటీలో పీహెచ్‌డీ, ఇప్పుడు బెంగళూరు ఐఐఎస్‌సీలో పాఠాలు చెప్తారు. చీనాబ్ నది మీద 359 మీటర్ల ఎత్తున కట్టిన రైలు వంతెనకి 17 ఏళ్లు జియోటెక్నికల్ కన్సల్టెంట్‌గా, అంటే నేల, రాయి సంగతి చూసే సలహాదారుగా ఉన్నారు. 2025 జూన్ 6న వంతెన ప్రారంభం కాగానే ఎక్కడ చూసినా ఆవిడ పేరే, మొత్తం వంతెన ఒక్కరే కట్టినట్టు కూడా రాసేశారు. అప్పుడావిడ, నన్ను అనవసరంగా ఫేమస్ చేయకండి, వేలమంది పనిచేశారు, నేను చేసింది కొండవాలు జారకుండా ఉండే ప్రణాళిక, ఆ వాలు మీద పునాదుల డిజైన్ విషయంలో సాయం అని స్పష్టంగా చెప్పారు. చాలామంది దీన్ని వినయం అన్నారు. నాకైతే అందులో లెక్క కనిపించింది. తన వంతు ఏదో గీత గీసినట్టు చెప్పారు, అటు ఎక్కువా లేదు, ఇటు తక్కువా లేదు. పైగా తవ్వేకొద్దీ బయటపడిన రాతిని బట్టి డిజైన్ ఎలా మార్చుకుంటూ వెళ్లారో పేపర్ రాసి పెట్టారు. మీ వంతు మీరు ఇంత కచ్చితంగా చెప్తే దాన్ని డబ్బా అని ఎవరూ అనలేరు, అన్నా నిలబడదు.

ఆఫీసు గుర్తించకపోతే బయట గుర్తింపు తెచ్చుకోవచ్చు, దానికి ఎవరి దయా అక్కర్లేదు. ఇక్కడ ఎ. లలిత గారి కథ చెప్పకుండా ఉండలేను. 1919లో పుట్టిన తెలుగింటి అమ్మాయి, 18 ఏళ్లకే భర్త పోయారు, చేతిలో నాలుగు నెలల పాప. నాన్న పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసర్ కావడంతో అక్కడే ఎలక్ట్రికల్ చదివి 1943లో పట్టా తీసుకున్నారు. సర్టిఫికెట్ మీద అచ్చేసిన 'హీ' కొట్టేసి 'షీ' అని రాయాల్సి వచ్చిందట, ఎందుకంటే ఆడపిల్ల వస్తుందని ఎవరూ అనుకోలేదు. తర్వాత కలకత్తా కంపెనీలో చేరి భాక్రానంగల్ ప్రాజెక్టుకి సబ్‌స్టేషన్ పనులు చేశారు. 1953లో లండన్‌లోని ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థలో అసోసియేట్ సభ్యురాలు, 1966లో పూర్తి సభ్యురాలు అయ్యారు. 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సమావేశం జరిగితే మన దేశం నుంచి పంపే సంఘమే లేదు, తన సొంత హోదాలోనే వెళ్లొచ్చారు. ఎవరైనా పంపుతారని కూర్చుని ఉంటే ఆ విమానం ఎక్కేవారే కాదు.

మీరు చేయాల్సింది అంతకంటే చాలా తేలిక. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్స్ వైపు ఉంటే ఆ రంగాల ఇంజనీర్ల అంతర్జాతీయ సంస్థ ఐ ట్రిపుల్ ఈలో (IEEE) సీనియర్ మెంబర్ హోదాకి అప్లై చేయండి. పదేళ్ల వృత్తి అనుభవం కావాలంటారు, కానీ బీటెక్‌కి 3 ఏళ్లు, ఎంటెక్ ఉంటే 4, పీహెచ్‌డీ ఉంటే 5 ఏళ్లు అందులో కలుపుతారు. అందులో ఐదేళ్లు చెప్పుకోదగ్గ పని చేసి ఉండాలి (డైరీ ఇక్కడ అక్కరకొస్తుంది). ముగ్గురి రిఫరెన్సు కావాలి, దీనికి విడిగా ఫీజు లేదు. రిఫరెన్సులకి తెలిసినవాళ్లు లేరా? ఆ సంస్థ హైదరాబాద్ సెక్షన్ వాళ్లకి మెయిల్ పెట్టండి. సివిల్, మెకానికల్ వాళ్లకి ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ ఉంది, తెలంగాణ కేంద్రం ఖైరతాబాద్‌లోనే. చార్టర్డ్ ఇంజనీర్ గుర్తింపు తీసుకుంటే రేపు ఉద్యోగం మానేసి సొంతంగా కన్సల్టెన్సీ పెట్టుకున్నా పేరు వెనక ఒక బరువు ఉంటుంది.

కొత్తగా ఏదైనా కనిపెట్టారా? పేటెంటు దరఖాస్తులో మొదట చూడాల్సింది ఇన్వెంటర్ల జాబితా. కంపెనీ పేరు మీద వేసినా ఇన్వెంటర్లుగా మనుషుల పేర్లే ఉండాలి, ఆ జాబితాలో మీరు లేకపోతే వేసేముందే నోరు తెరవండి. 2024లో మారిన రూల్స్ ప్రకారం పేటెంటు వచ్చాక ఫారం 8ఎ పెట్టి ఇన్వెంటర్ సర్టిఫికెట్ కూడా తీసుకోవచ్చు, చాలామందికి ఈ సంగతే తెలియదు. మీరే సొంతంగా దరఖాస్తు చేస్తుంటే ఇంకో సౌకర్యం ఉంది. దరఖాస్తుదారులు వ్యక్తులై, వాళ్లలో ఒక్క మహిళ ఉన్నా ఫారం 18ఎతో త్వరగా పరిశీలించమని అడగొచ్చు, 2019 నుంచి ఈ వీలుంది.

అవార్డుల విషయంలో రెండు ముక్కలు. అడగందే అమ్మైనా పెట్టదు, కాబట్టి మీ పేరు మీరే పంపుకోవడంలో సిగ్గుపడాల్సింది లేదు, పద్మ అవార్డులకే సొంతంగా నామినేట్ చేసుకోవచ్చు, మన ఆఫీసు అవార్డెంత. జూన్ 23 మహిళా ఇంజనీర్ల దినం, జులై 11 తెలంగాణలో ఇంజనీర్స్ డే, సెప్టెంబర్ 15 దేశమంతా. ఈ తేదీలకి రెండు మూడు నెలల ముందే ప్రకటనలు చూసుకోండి. రెండో ముక్క, "అభినందనలు, మీరు ఉత్తమ మహిళా ఇంజనీర్‌గా ఎంపికయ్యారు, 18 వేలు కడితే ట్రోఫీ" అని మెయిల్ వస్తే డిలీట్ చేయండి. జ్యూరీ ఎవరో చెప్పరు, మీరు అప్లై చేయకుండానే ఎంపికవుతారు, హోటల్లో భోజనం, ఫోటో, అంతే. ఇంటర్వ్యూలో కూర్చునేవాళ్లకి అది ఏ అవార్డో బాగా తెలుసు. ఇక మార్చి 8న ఆఫీసులో గులాబీ పువ్వు, ముగ్గుల పోటీ పెడతారు కదా, పువ్వు తీసుకోండి, తీసుకుంటూనే వచ్చే టెండర్లో లీడ్ రోల్ ఎవరిదని అడగండి.

అవకాశాలు చేజారేది ఎక్కువగా ప్రేమతోనే. "ఆడపిల్లవి, సైట్‌కి ఎందుకమ్మా, ఎండ" అంటారు. సైట్ చూడనివాళ్లని ప్రాజెక్ట్ మేనేజర్ చేయరు, ఐదేళ్ల తర్వాత అదే మనిషి "నీకు సైట్ ఎక్స్‌పీరియన్స్ లేదు కదా" అంటాడు. కాబట్టి వెళ్తానని మెయిల్‌లో రాయండి, అదే మెయిల్‌లో ఏం కావాలో కూడా రాయండి: టాయిలెట్, రాత్రి ఆలస్యమైతే బండి, తలుపుకి గడియ ఉన్న గది. ఇవి సౌకర్యాలు కావు, హెల్మెట్ లాంటివే. రూల్సే అడ్డొస్తే అవి కూడా మారతాయి. మన విద్యుత్ శాఖలో 2019 జూనియర్ లైన్‌మన్ పోస్టులకి ఆడవాళ్లు పనికిరారంటే బబ్బూరి శిరీష హైకోర్టుకి వెళ్లింది, స్తంభం ఎక్కి చూపించింది, 2022లో తెలంగాణ తొలి లైన్‌ఉమన్ అయింది.

పిల్లలు పుట్టే సమయం గురించి. అంతకుముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల జీతంతో సెలవు మీ హక్కు, ఆ సెలవులో ఉండగా తీసేయడం చెల్లదు, 50 మంది ఉన్న చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలి. ఇవి అందరూ చెప్తారు. చెప్పనిది ఏంటంటే దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. సెలవుకి వెళ్లేముందు మీ చేతిలో ఉన్న పనులన్నీ ఎంతవరకు అయ్యాయో రాసి, మేనేజర్‌కీ తర్వాత చూసేవాళ్లకీ ఒకే మెయిల్ పెట్టండి. లేదంటే 90 శాతం మీరు చేసిన ప్రాజెక్టు, చివరి 10 శాతం చేసినవాళ్ల ఖాతాలో పడుతుంది. బ్రేక్ ఏళ్లకేళ్లు సాగిపోయి పరిశోధన వైపు రావాలనుకుంటే కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ వైజ్-కిరణ్ పథకాలు చూడండి, పేటెంట్ల పనిలో శిక్షణ ఇచ్చేది కూడా అందులో ఒకటుంది. సొంత కంపెనీ ఆలోచన ఉంటే హైదరాబాద్‌లో తెలంగాణ ప్రభుత్వ స్టార్టప్ కేంద్రం వీ హబ్ 2018 నుంచి ఆడవాళ్ల కోసమే నడుస్తోంది.

ఇంట్లో ఇంజనీరింగ్‌లోనో డిప్లొమాలోనో ఇప్పుడే చేరిన చెల్లెలు ఉంటే ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ గుర్తుచేయండి: ఏడాదికి 50,000 రూపాయలు, కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటకూడదు, ఇంటికి ఇద్దరమ్మాయిల వరకు. చేరిన ఏడాదే పెట్టాలి, మూడో ఏట గుర్తొచ్చి లాభం లేదు.

పోయిన నెల మా దగ్గర ఒక కొత్త ట్యాంకు డ్రాయింగ్ బయటికి వెళ్లింది. డిజైన్ చేసింది చేరి ఏడాదైన అమ్మాయి, చెక్ చేసింది నేను. ఇద్దరివీ ఒకే ఇనిషియల్స్ కావడంతో రెండు గడుల్లోనూ అవే అక్షరాలు పడ్డాయి, చూసినవాళ్లకి నేనే చేసి నేనే చెక్ చేసుకున్నట్టుంది. పూర్తి పేరు వేయమన్నాను. గడిలో పట్టలేదు. ఆ అమ్మాయి పర్లేదు మేడమ్ అంటోంది. డ్రాఫ్ట్స్‌మన్‌ని పిలిచి ఫాంట్ తగ్గించమన్నాను.