టాంగరీరో క్రాసింగ్‌కి వెళ్తున్నారా? చలితోనే అసలు జాగ్రత్త

మన ఊళ్లో ఎండలు మండే ఏప్రిల్‌లో ఇక్కడ న్యూజిలాండ్‌లో చలి మొదలవుతుంది. ఈస్టర్ సెలవుల్లో అగ్నిపర్వతాల మీదుగా సాగే కొండ నడకదారి టాంగరీరో ఆల్పైన్ క్రాసింగ్‌కి వెళ్దామనుకునేవాళ్లు అగ్నిపర్వతం గురించే భయపడతారు. నిజానికి అక్కడ మనిషిని ముందు దెబ్బతీసేది గాలి, తడి.

దారి 20 కిలోమీటర్ల దాకా ఉంటుంది, 7-8 గంటల నడక. ఎత్తైన చోటు రెడ్ క్రేటర్ అనే అగ్నిపర్వత బిలం గట్టు, 1850 మీటర్లకు పైనే. కింద హాయిగా అనిపించిన గాలి ఆ గట్టు మీద నిలబడనివ్వదు. జీన్స్, కాటన్ టీషర్టు వద్దే వద్దు. చెమటకో వానకో ఒకసారి తడిస్తే ఆరవు, ఒంట్లో వేడినంతా లాగేస్తాయి. లోపల థర్మల్స్, పైన ఫ్లీసు, ఆపైన గాలీ వానా ఆపే జాకెట్టు, టోపీ, గ్లౌజులు. బయల్దేరేటప్పుడు ఎండ కాస్తున్నా సరే, ఇవన్నీ బ్యాగులో ఉండాల్సిందే. తాగునీళ్లు దారిలో దొరకవు, మనిషికి కనీసం 2 లీటర్లు మోసుకెళ్లండి. పులిహోర కన్నా చపాతీ చుట్టలు నయం. ఆ చలిలో గ్లౌజు తీసి చేత్తో కలుపుకు తినడం కుదరదు.

వెనక్కి తిరగాలా అనేది రెడ్ క్రేటర్ ఎక్కడానికి ముందు వచ్చే సౌత్ క్రేటర్ మైదానంలోనే తేల్చుకోండి. మబ్బు దిగినా, గాలి తోసేస్తున్నా రెడ్ క్రేటర్ ఎక్కొద్దు. అంత దూరం వచ్చాం కదా అన్న మాటే ప్రమాదం. అవతల దిగుడంతా జారిపోయే కంకర. మడమ లోతుగా దించుతూ చిన్న అడుగులు వేయాలి, ముందున్నవాళ్లకి కాస్త ఎడంగా. పక్కన ఆవిరి వచ్చే పగుళ్ల దగ్గరికి పోకండి, నేల కాలుతుంది.

2012 ఆగస్టులో తె మారి బిలం పేలినప్పుడు ఎగిరిన రాళ్లు దారిలో ఉన్న కెటెటాహి గుడిసె మీద పడ్డాయి. కాబట్టి ముందురోజు అగ్నిపర్వతాల్ని గమనించే జియోనెట్ సైటులో హెచ్చరిక స్థాయి, ఇక్కడి వాతావరణ సంస్థ మెట్‌సర్వీస్‌లో కొండ వాతావరణం చూడండి. ఇక్కడి మూలవాసులైన మావోరీలకు ఈ కొండలు, చెరువులు పవిత్రం. పచ్చల రంగు నీళ్లు ఎంత ముద్దొచ్చినా చెయ్యి పెట్టొద్దు, శిఖరాలు ఎక్కొద్దు.

నడక మొదలయ్యే మంగటెపోపోలో సీజన్‌లో 4 గంటలకు మించి పార్కింగ్ లేదు. కారు నడక ముగిసే కెటెటాహి వైపు పెట్టి షటిల్‌లో మొదలుకి వెళ్లండి. ఏప్రిల్ మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి, సాయంత్రం 6కే చీకటి. తలకి పెట్టుకునే హెడ్‌లైటు తప్పనిసరి. దిగాక అదే రాత్రి ఆక్లాండ్‌కి నాలుగు గంటలు పైగా డ్రైవ్ చేయకండి, దగ్గర్లో రూమ్ తీసుకోండి.

ఫోన్ సిగ్నల్ అంతటా ఉండదు. ఇంట్లోవాళ్లకి మీ దారి, దిగే టైము చెప్పి, ఫలానా గంటకల్లా మీ ఫోన్ రాకపోతే ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు 111కి కాల్ చేయమనండి.