చెక్క రీపర్ల మీది పాత వైరింగు: సమస్య ఎక్కడ, మార్చాల్సింది ఏది

గోడ మీద సన్నటి టేకు రీపరు, బెత్తెడుకో లింకు క్లిప్పు, మలుపులో కూడా వంకర లేకుండా వంచిన వైరు. 1960, 70ల్లో కట్టిన చాలా ఇళ్లలో ఈ పని ఇంకా కనిపిస్తుంది. ఇప్పటి ఎలక్ట్రీషియన్ చూడగానే "మొత్తం పీకేద్దాం సార్" అంటాడు. అంత తొందర అక్కర్లేదు. మంచి పనివాడు చేసిన వైరింగులో దారి మధ్యలో అతుకులు ఉండవు. జాయింట్లన్నీ స్విచ్చు బోర్డులోనో, సీలింగ్ రోజ్‌లోనో (పైకప్పుకి ఉండే గుండ్రటి డబ్బా) ఉంటాయి. కాబట్టి తప్పు ఎక్కడుందో పట్టుకోవడం గోడలో పూడ్చిన పైపుల కంటే తేలిక. అయితే వైరు మీది రబ్బరు ముసలిదైపోయింది, ఇంట్లో లోడు పెరిగింది, చాలా పాయింట్లకి ఎర్త్ అసలే లేదు. కింద చెప్పే ఇబ్బందులు ఎక్కువగా ఈ మూడింట్లోంచే వస్తాయి.

బోర్డు విప్పే పని, మెయిన్ దగ్గరి పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. మీటరుకి ముందున్న సీలు జోలికి అతను కూడా పోకూడదు. అది కరెంటు డిపార్టుమెంటు వాళ్లది.

ఫ్రిజ్ ముట్టుకుంటే జివ్వుమంటోంది

సాకెట్‌కి మూడు రంధ్రాలున్నా, పెద్దదాని (ఎర్త్‌ది) వెనక వైరు ఉండకపోవచ్చు. మల్టీమీటరుతో చూడండి: ఫేజుకి (కరెంటు వచ్చే వైరు), న్యూట్రల్‌కి (తిరిగి వెళ్లే వైరు) మధ్య 230 వోల్టుల దాకా ఉంటుంది. ఫేజుకి, ఎర్త్‌కి మధ్య కూడా దాదాపు అంతే రావాలి. సగమో, ఊగిసలాడే అంకెలో వస్తే ఎర్త్ తెగినట్టు, లేదా లేనట్టు.

పరిష్కారం: పెరట్లో తడి ఉండే చోట కొత్త ఎర్త్ గొయ్యి తవ్వించి, జీఐ పైపు దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేయించి, అక్కడినుంచి ఆకుపచ్చ వైరు ప్రతి సాకెట్‌కీ లాగించాలి. ఇది ఆ పాత రీపరు పక్కనే పోతుంది, గోడ పగలగొట్టక్కర్లేదు. ఎండాకాలం గొయ్యిలో నీళ్లు పోస్తుండాలి. కొందరు సులువు దారిగా సాకెట్‌లోనే న్యూట్రల్‌ని ఎర్త్ పిన్నుకి కలిపేస్తారు. ఎవరు చేసినా వెంటనే తీయించండి. న్యూట్రల్ ఎక్కడైనా తెగిందంటే ఫ్రిజ్ ఒళ్లంతా ఫేజు అవుతుంది.

కరెంటు లేదు, కానీ టెస్టరు రెండు రంధ్రాల్లోనూ వెలుగుతోంది

పాత ఇనప మెయిన్‌లో ఫేజుకీ న్యూట్రల్‌కీ చెరో కిట్‌క్యాట్ ఫ్యూజు (పీకి పెట్టే పింగాణీ ఫ్యూజు) ఉండేది. న్యూట్రల్‌ది కాలిపోతే ఇల్లంతా చీకటి, వైర్లలో మాత్రం ఫేజు అలాగే ఉంటుంది. ఏ లైటు స్విచ్చో వేసి ఉంటే ఆ బల్బు గుండా న్యూట్రల్ వైరులోకి కూడా వచ్చేస్తుంది. కరెంటు పోయిందనుకుని హోల్డరులో వేలు పెట్టేది ఇలాంటప్పుడే. ఆ మెయిన్ తీసేసి, రెండింటినీ ఒకేసారి తెంపే డబుల్ పోల్ ఐసోలేటరు, దాని తర్వాత ఒక్కో లైనుకి ఒక్కో ఎంసీబీ (లోడు మించితే దానంతటదే తెగే స్విచ్చు) పెట్టించండి. అన్నిటికంటే ముందు డబ్బు పెట్టాల్సింది ఈ మెయిన్ మీదే.

కొత్తగా పెట్టిన ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతోంది

ఆర్‌సీసీబీ (లీకేజీ ఉంటే కరెంటు తెంపే స్విచ్చు) పాడైందని మార్చేయకండి. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది చూస్తుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకి చేరితే పడిపోతుంది (ఇళ్లలో వాడేది సాధారణంగా ఆ రకమే). పాత వైరింగులో అన్నేళ్లుగా ఎవరూ చూడని లీకేజీని అది బయటపెడుతోంది, అంతే.

ముందు ప్లగ్గులన్నీ తీసేయండి. గీజరు లాంటివి నేరుగా కలిపి ఉంటే వాటినీ విప్పించండి. నిలబడితే ఒక్కొక్కటే తిరిగి పెడుతూ పోండి. చాలాసార్లు దొంగ గీజరే. ఇంకా పడుతుంటే ఎంసీబీలన్నీ దించి చూడండి. అప్పుడు నిలబడి, ఏదో ఒక లైను వేయగానే పడితే తప్పు ఆ లైనులోనే.

చిక్కంతా ఎక్కడో లోడు వేసినప్పుడల్లా, ఏ లైనుదో తేలకుండా పడిపోయే కేసుతో. తడి గోడలోనో, తుప్పు పట్టిన బాక్సులోనో న్యూట్రల్ ఎర్త్‌కి తగులుతూ ఉంటుంది. మామూలు ఎంసీబీ ఫేజుని మాత్రమే తెంపుతుంది, కాబట్టి దాన్ని దించినా ఈ తప్పు పోదు. మెయిన్ ఆపి, న్యూట్రల్ లింకులోంచి ఒక్కో వైరూ విప్పి చూసుకోవాలి.

ఒక్క వరండా లైటో, మెట్ల లైటో వేసినప్పుడే పడుతుంటే కథ వేరు. అప్పట్లో దగ్గర్లో ఏ న్యూట్రల్ ఉంటే దానికే కలిపేవారు. ఇంటికి ఒకటే మెయిన్ కాబట్టి తప్పు లేదు. ఇప్పుడు రెండు ఆర్‌సీసీబీలు పెట్టినా, మధ్యలో ఇన్వర్టరు దూర్చినా ఆ అరువు న్యూట్రల్ గొడవకి దిగుతుంది. ఆ లైటుకి దాని సొంత న్యూట్రల్ లాగడమే మందు.

వానాకాలంలోనే పడితే మెగ్గర్ (వైరు తొడుగు కరెంటుని ఎంత బాగా ఆపుతోందో కొలిచే మీటరు) పట్టించండి. బల్బులు, రెగ్యులేటర్లు, ఇన్వర్టరు అన్నీ విప్పేశాకే 500 వోల్టుల పరీక్ష చేయాలి. ఒక మెగోమ్ కూడా రాని లైను మార్చాల్సిందే.

మిక్సీ వేస్తే లైట్లు డిమ్ అవుతున్నాయి

మొదట స్క్రూలు చూడండి. వదులైన చోట బోర్డు వేడెక్కుతుంది, బేకలైట్ కాలిన వాసన వస్తుంది. ఆ తర్వాత వైరు సైజు. పాత లెక్కలో 3/22 రాగి (22 గేజి తీగలు మూడు) అంటే సుమారు 1.2 చదరపు మిల్లీమీటర్లు, లైట్లకి ఫ్యాన్లకి చాలు. 7/20 అంటే 4.6 దాకా ఉంటుంది. గీజరుకి ఇప్పుడు వేసేది సాధారణంగా 4, అంటే ఆనాటి పవర్ లైను సన్నదేమీ కాదు. అయినా ఏసీకి, గీజరుకి మెయిన్ నుంచే విడి లైను వేయించడం మేలు. వైరు అల్యూమినియందైతే దాన్ని రాగితో మెలిపెట్టి టేపు చుట్టకూడదు, ఆ జాయింటు కొన్నాళ్లకి వదులై కాలుతుంది. రెండింటికీ పనికొచ్చే కనెక్టరు వాడాలి.

స్విచ్చు ఆపినా ఎల్‌ఈడీ బల్బు మిణుకుమంటోంది

స్విచ్చుని ఫేజుకి బదులు న్యూట్రల్ వైరుకి కలిపి ఉండొచ్చు. బోర్డులో మార్పిస్తే పోతుంది. అప్పటికీ మిణుకుమంటే పక్క వైరు నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటు. ప్రమాదం లేదు.

సీలింగ్ రోజ్ విప్పగానే రబ్బరు పొడిగా రాలుతోంది

రాలిపోయిన రబ్బరుకి మాత్రం రిపేరు లేదు. ఏళ్లతరబడి బల్బు వేడికి చివర్లు ముందు పెళుసవుతాయి. మూరెడు లోపల, రీపరు మీద, అదే వైరు మెత్తగా ఉండొచ్చు. వంచితే పగలకుండా, మెగ్గర్‌లోనూ నిలిస్తే చివర్లకి వేడి తట్టుకునే స్లీవు తొడిగి కొన్నాళ్లు నడపొచ్చు. లోపల కూడా పగుళ్లుంటే ఆ లైను మొత్తం దించి, అదే రీపరు మీద ఎఫ్‌ఆర్ రకం (మంట తొందరగా అంటుకోని) రాగి వైరు వేయించండి: లైట్లకి 1.5, ప్లగ్గులకి 2.5 చదరపు మిల్లీమీటర్లు. పాత క్లిప్పులు విరక్కుండా వస్తే వాటినే వాడమని చెప్పండి.